మూడు ట్యాంకులకు సరిపడా కరెంటు

నేను ఒక బ్యాటరీని. సెల్‌ఫోన్లలో దూరే నాజూకు రకాన్ని కాను. పొలంలో మందు కొట్టే స్ప్రేయర్ అడుగున కూర్చునే సీసపు ముద్దను. ఫ్యాక్టరీలో నా కడుపులో ఆమ్లం పోసి మూత బిగించిన రోజే తెలిసింది, మనిషి వీపెక్కి బతకడమే నా రాత అని.

పల్నాడులో చేను కౌలుకు తీసుకుని మిరప వేసే చిన్నపరెడ్డి, ఆయన భార్య ఇన్నాసమ్మ నన్ను కొన్నారు. దుకాణంవాడు లెక్క చెప్పాడు. "దీని కడుపు పట్టేది ఎనిమిది ఆంపులమ్మా. చార్జరు గంటకి ఒకటిన్నర పోస్తది. అయిదు గంటలు దాటుద్ది. వేడికి కొంత పోద్ది గాబట్టి ఆరు గంటలనుకో."

ఇన్నాసమ్మ ఆ లెక్కను తన ఊరికి తగ్గట్టు మార్చుకుంది. వాళ్ళ చర్చిలో పొద్దున ఒకసారి, మళ్ళీ మధ్యాహ్నం పన్నెండింటికీ సాయంత్రం ఆరింటికీ త్రికాల జపం గంట మోగుతుంది. మధ్యాహ్నపుది వినగానే నన్ను ప్లగ్గుకు తగిలించేది, సాయంత్రపుది వినగానే తీసేది. నిండా తాగితే పద్దెనిమిది ట్యాంకుల మందు కొట్టించేవాణ్ణి.

ఆ ఏడు నల్ల తామర పురుగు మిరప పూతలో దూరింది. ముందటేడు దానివల్లే తోట పోయింది. ఈసారీ పోతే చేను వేరేవాళ్ళకు కౌలుకిస్తానని ఆసామి తెగేసి చెప్పాడు. పురుగును ఒక్కపూటలో చేనంతా కొట్టాలి. కొంత మిగిలినా అక్కణ్ణించి మళ్ళీ పాకుతుంది.

మందు కొట్టే ముందురోజు వాళ్ళు చేలో ఉండగా ఇంట్లో కరెంటు పోయి, చాలాసేపటికి వచ్చింది. నేను ఆకలితోనే ఉన్నాను. సాయంత్రం గంట మోగగానే చిన్నపరెడ్డి నన్ను పీకేశాడు. చార్జరు మీద ఇంకా నిండలేదని చెప్పే ఎర్రదీపం వెలుగుతూనే ఉంది పాపం, ఎవరు చూశారు? పొద్దు గడిస్తే పని జరిగినట్టేనని మనుషులకు గట్టి నమ్మకం.

తెల్లారి చేలో ఇంకా మూడు ట్యాంకులు మిగిలి ఉండగానే నా ఊపిరి అయిపోయింది. మందు ధార సన్నబడి, చుక్కలై ఆగింది.

"దొంగసచ్చిన బ్యాటరీ! కొంప ముంచింది," అన్నాడు చిన్నపరెడ్డి.

"దాన్ని తిట్టబాకయ్యా. మనం పెట్టిందేగా అది ఇచ్చేది," అంది ఇన్నాసమ్మ. వేళ్ళు ముడిచి లెక్కేసింది. "ఆరు గంటలకి పద్దెనిమిది ట్యాంకులు. గంటకి మూడు. మనకి కావాల్సింది మూడే. నువ్వు బండేసుకొని చార్జరు తీసుకురా. మోటారు కొట్టంలో పెడదాం."

"ఎండెక్కితే గాలి లేస్తదే. మందు నిలవదు."

"అప్పటికి అవగొడదాం. లే!"

గంటా పావు నన్ను అక్కడే ఉంచింది. ఆ పావు ఎందుకైనా మంచిదనట. అంత శ్రద్ధగా నాకెవరూ వడ్డించలేదు. ఆమె వీపెక్కగానే ఒట్టు పెట్టుకున్నాను, చస్తే చస్తాను గానీ మధ్యలో ఆగను. మొదటి ట్యాంకు, రెండోది బాగానే సాగాయి. మూడోదాంట్లో నా ఒళ్ళు కాలిపోయింది. చివరి సాలు చివరి మొక్క తడిశాక కూడా ధార తెగలేదు.

తోట నిలిచింది, చేను వాళ్ళ చేతుల్లోనే ఉంది. నేనే ఆ తర్వాత కోలుకోలేదు. ఎంతసేపు పెట్టినా నాలుగు ట్యాంకులకే చతికిలపడేవాణ్ణి. చివరికి ఇన్నాసమ్మ నన్ను పాతసామాన్ల కొట్టుకు తెచ్చింది.

"ఇంకేమన్నా పన్జేస్తదా అమ్మా?" అని కొట్టువాడు అడిగాడు.

"చెయ్యాల్సిందంతా చేసింది నాయనా," అంది ఆమె, నా మీది మట్టి కొంగుతో తుడుస్తూ.

ఇప్పుడు పాత బ్యాటరీల గుట్టలో ఉన్నాను. సీసాన్ని కరిగించి మళ్ళీ బ్యాటరీలే చేస్తారట. నాకు భయం లేదు, త్వరగా కరిగించండి. మిరపకు మళ్ళీ పూత వచ్చే వేళయింది.