నానమ్మ అతుకు

ఆ బేస్ గిటారును చూసి జాలిపడనివాళ్ళు లేరు. భవానీపురంలో జోయెల్ వాళ్ళ చర్చికి కొత్త గిటారు వచ్చాక, పాతదాన్ని మెట్ల కింద విరిగిన కుర్చీల వెనక్కి నెట్టేశారు. ప్లాస్టిక్ బకెట్ నీలం రంగు. నాలుగు తీగల్లో ఒకటి లేదు. శ్రుతి చేసే చెవుల్లో ఒకటి వంకర. కొత్తగా ఉన్న రోజుల్లో కూడా అది చవకరకమే. ఇప్పుడైతే స్పీకరుకు తగిలిస్తే గుయ్యిమనడమే తప్ప, తీగ మీటితే పలికేది కాదు.

"కావాలా నీకు?" అన్నాడు జోయెల్.

శ్రీదుర్గ తల ఊపింది. "కావాలి" అని నోరు తెరిచి చెప్పాలంటే ఆ పిల్లకు రెండు రోజులు పట్టేది.

శ్రీదుర్గది పెడన దగ్గర పల్లె. నాన్న మల్లేశ్వరరావు మగ్గం నేస్తాడు. పదో తరగతి దాకా ఊరిబడిలోనే చదివి, ఇంటర్ కోసం భవానీపురంలో బాబాయి ఇంటికి వచ్చింది. బాబాయి కొడుకు తేజేశ్వర్ గిటారు వాయిస్తాడు, ఎదురింటి జోయెల్ డ్రమ్స్, జోయెల్ చెల్లెలు జెస్సికా పాట. ముగ్గురూ మేడమీద గదిలో సాధన చేస్తుంటే శ్రీదుర్గ మూల కూర్చుని, ఒళ్ళో డైరీ పెట్టుకుని వినేది. అందరూ పాట వింటుంటే ఆమె పాట కింద మోగాల్సిన లావు గొంతు కోసం చెవి పెట్టేది. ఆ మూడిట్లో అది లేదని ఆమెకు తెలుసు. పునాది పోయకుండా గోడలు లేపినట్టుండేది. ఈ సంగతి డైరీకి చెప్పింది గానీ మనుషులకు చెప్పలేదు.

జెస్సికా ఒకరోజు ఆ డైరీ లాక్కుని చదివేసింది. "ఒరేయ్ అన్నయ్యా, ఈ పిల్లకి బేస్ నేర్పించరా" అంది. అప్పట్నుంచి చర్చిలో ఎవరూ లేని వేళ కొత్త గిటారు మీద జోయెల్ నేర్పాడు. నాలుగు నెలల్లో వేళ్ళు గట్టిపడ్డాయి. దసరా సెలవుల తర్వాత వచ్చే ఆదివారం కాలనీ కమ్యూనిటీ హాల్లో పాటల కార్యక్రమం. అదే సాయంత్రం చర్చిలో ఆరాధన, కొత్త గిటారు కదలదు. శ్రీదుర్గ వేదిక ఎక్కాలంటే ఆ నీలం గిటారు పలికి తీరాలి.

గవర్నర్‌పేటలో ఫ్యాన్లకూ మోటార్లకూ తీగ చుట్టే కొట్టు ఒకటుంది. యజమాని వెంకటకృష్ణారావు గారు గిటారును బల్లమీద పడుకోబెట్టి, తీగల కిందున్న నల్లటి పెట్టెను విప్పారు. దాన్ని పికప్ అంటారు. నాలుగు అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు రాగితీగ. మీటిన గిటారు తీగ వణుకును కరెంటుగా మార్చి స్పీకరుకు చేరవేసేది అదే. ఆయన మీటరు ముల్లు కదల్లేదు.

"లోపల తెగిపోయిందమ్మా. ఏడువేల చుట్లు కొత్తగా చుట్టాలి. ఇంత సన్నది నా మెషీన్ మీద నిలవదు, పుటుక్కుమంటది."

శ్రీదుర్గ మొహం చూసి, లోపల్నుంచి ఓ చిన్న రాగితీగ రీలు తెచ్చారు. "ఉంచుకో. ఎవరన్నా చుట్టగలిగితే చుట్టించుకో. ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఈ రాగి మీద వార్నీషు పూత ఉంటది, కంటికి ఆనదు. కొసలు బ్లేడుతో గీరి అతికించు. గీరకపోతే కరెంటు దాటదు."

శ్రీదుర్గ ఆ మాట డైరీలో రాసుకుంది.

సెలవులకు బందరు పాసింజర్లో గిటారుతో దిగింది. ఇల్లంతా ఆ బకెట్ నీలం గిటారు చుట్టూ చేరింది. మెడ చివర తీగలు ఆనే చిన్న పలక పగిలి ఉంటే, నాన్న పాత నాడె చెక్కను ముక్క కోసి, అరగదీసి, నాలుగు గాట్లు పెట్టి బిగించాడు. మగ్గంలో పోగును మోస్తూ అటూ ఇటూ పరుగెత్తిన నాడె ఇప్పుడు గిటారు నెత్తిన కూర్చుంది. జరీ తప్పిందని షావుకారు తిప్పి పంపిన చీర అంచు భుజానికి పట్టీ అయింది. శ్రీదుర్గ గరుకు కాగితం పట్టి రెండు రోజులు రుద్దితే నీలం వదిలి, లేత చెక్క బయటపడింది. పక్కింటి అద్దకం షెడ్డులోంచి చిలక అచ్చు తెచ్చి, ఎర్ర రంగులో ముంచి, ఊపిరి బిగబట్టి ఒత్తింది. చిలక కొద్దిగా పక్కకు వాలింది. ఉన్నది మూడు తీగలేనని నాన్న అంటే, బెంజ్ సర్కిల్లో కొన్న కొత్త తీగల పొట్లం తీసి చూపించింది.

ఇక మిగిలింది పికప్.

నానమ్మ రాఘవమ్మ అరుగు మీద రాట్నం ముందు కూర్చుని, నాన్న నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతోంది. చక్రం తిప్పుతుంటే కదురు గిర్రున తిరుగుతోంది, నూలు కండె మీదికి ఎక్కుతోంది. శ్రీదుర్గ ఆ కదురు వైపు చూసింది. చేతిలో పికప్ వైపు చూసింది.

"నానమ్మా, ఇది చుడతావా?"

రాఘవమ్మ రీలు కొస పట్టుకుని వెలుగుకు ఎత్తింది. "ఇదేం పోగే! నా తలవెంట్రుక నయం. దీంతో చీర నేస్తే ఏ దేవకన్య కట్టుకోవాలే?"

"చీర కాదు. పాట."

"అయితే కూర్చో. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో నువ్వు లెక్కెట్టు."

పాత తీగ ఊడదీసిన పికప్‌ను మైనంతో కదురుకు అంటించారు. చక్రం ఒకసారి తిరిగితే కదురు ముప్పైసార్లు తిరుగుతుంది. చక్రం పది తిరుగుళ్ళకు డైరీలో ఒక గీత. నానమ్మ ఎడమచేతి రెండు వేళ్ళ మధ్యనుంచి రాగి ఎర్రగా మెరుస్తూ జారిపోతోంది. ఆ వేళ్ళు డెబ్బై ఏళ్ళవి, కళ్ళేమో వీధిలో పోయేవాళ్ళమీద. "ఎవరే ఆ పోయేది, నాగవేణేనా? పూలు తెమ్మంటే అజాపజా లేదు!" అని అరుస్తూనే ఉంది, తీగ మాత్రం చుట్టు పక్కన చుట్టు పేర్చినట్టు పడుతోంది.

ఇరవై ఒకటో గీత గీసిందో లేదో, తీగ పుటుక్కుమంది.

"అయ్యో నానమ్మా!"

"కొంపేం మునగలా." రాఘవమ్మ పొయ్యిలోంచి తెచ్చిపెట్టుకున్న బూడిదలో వేళ్ళు అద్దింది. రెండు కొసలూ పక్కపక్కన పెట్టి బొటనవేలితో ఒక్క నలుపు నలిపింది. నేతపని వాళ్ళు తెగిన పోగును అలాగే అతుకుతారు. ముడి ఉండదు, ఉబ్బు ఉండదు. "ఎక్కడుందో చూపించు చూద్దాం!"

శ్రీదుర్గ ముక్కు ఆనించి వెతికింది. కనపడలేదు. నానమ్మ బోసినోటితో నవ్వి, ఇంకో మూడు గీతలు చుట్టేసింది.

*

శనివారం పొద్దున భవానీపురం మేడగదిలో శ్రీదుర్గ రెండు కొసలూ బ్లేడుతో గీరి, తేజేశ్వర్ దగ్గరున్న సోల్డరింగ్ కడ్డీతో అతికించింది. చిలక గిటారు భుజాన వేసుకుంది. జెస్సికా చప్పట్లు కొట్టింది. శ్రీదుర్గ లావు తీగ మీటింది.

ఏమీ లేదు. స్పీకరు గుయ్యిమంటోంది, అంతే.

"బాగుందే! మౌనవ్రతం గిటారు" అన్నాడు తేజేశ్వర్. "నీకు సరిగ్గా సరిపోయింది."

"నోర్ముయ్ తేజా" అంది జెస్సికా.

జోయెల్ మీటరు పెట్టి చూశాడు. ముల్లు కదల్లేదు. అతను శ్రీదుర్గ మొహం చూడకుండా మాట్లాడాడు. "మన కాలనీ బాలశౌరి అన్న కీబోర్డు మీద ఎడమచేత్తో బేస్ లాగించేస్తాడు. కాకపోతే నాలుగింటికల్లా చెప్పాలి ఆయనకి."

"రేపటికి ఆయనే నయం" అన్నాడు తేజేశ్వర్. "నువ్వేం అనుకోకు దుర్గా, వచ్చే ఏడాది చూద్దాం."

శ్రీదుర్గ స్పీకరు వైరు పీకేసింది. గిటారు తీసుకుని వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుంది. నాలుగు నెలలు నేర్చుకుంది, నాన్న నాడె కోశాడు, నానమ్మ అన్ని వేల చుట్లు చుట్టింది. రేపు మళ్ళీ ఆ మూలలో డైరీ పట్టుకుని కూర్చోవాలి.

అలవాటు కొద్దీ డైరీ తెరిచింది. పేజీ నిండా గీతలు. వాటి కింద తన రాతే: 'ఇరవై ఒక్క గీతలు. తీగ తెగింది. నానమ్మ బూడిదద్ది అతికింది. అతుకు కనపళ్ళేదు.' అంతకు ముందు పేజీలో వెంకటకృష్ణారావు గారి మాట: 'గీరకపోతే కరెంటు దాటదు.'

రెండు పేజీలూ మార్చి మార్చి చదివింది. కొసలు తను గీరింది. మధ్యలో అతుకు? దాన్నెవరు గీరారు? వార్నీషు చొక్కా వేసుకున్న తీగను ఇంకో చొక్కా తొడుక్కున్న తీగతో మెలేసింది నానమ్మ. రెండూ కౌగిలించుకున్నాయి గానీ రాగికి రాగి తగల్లేదు.

ఫోన్ చేసింది.

"నా అతుకు తప్పా?" రాఘవమ్మ గయ్యిమంది. "నలభై ఏళ్ళుగా నా అతుకు ఊడిందని ఒక్క షావుకారు అన్లేదే!"

"ఊడలేదు నానమ్మా. నూలుకైతే ఇంకేం కావాలి! రాగికి పైన పూత ఉంది. గీరి అతకాలి. నేను చెప్పడం మర్చిపోయా."

"మరి ఇప్పుడెట్టా వెతుకుతావే? నాకే కనపడదది."

"చివరి మూడు గీతలు విప్పుతా. అంటే తొమ్మిదొందల చుట్లు. ఆ దగ్గర్లోనే ఉండాలి."

"కంటితో వెతక్కు. కళ్ళు మూసుకుని వేళ్ళ సందున లాగు. బూడిద గరుగ్గా తగులుద్ది. నా మనవరాలివి, తెలుసుద్ది."

శ్రీదుర్గ గిటారులోంచి పికప్ ఊడదీసి కళ్ళు మూసుకుంది. పికప్‌ను ఒళ్ళో పెట్టుకుని, విప్పిన తీగను పెన్సిలుకు చుడుతూ లెక్కపెట్టింది. వంద. రెండొందలు. కింద సందులో ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, లోపల జెస్సికా పాడుతోంది. తీగ నూనె రాసినట్టు జారుతోంది. ఆరొందలు. మెడ లాగేస్తోంది. ఎనిమిదొందలు దాటింది. తన లెక్క తప్పిందేమోనని భయం వేసింది. ఎనిమిదొందల డెబ్బై.

బొటనవేలికి ఇసుక రేణువంత గరుకు తగిలింది.

కళ్ళు తెరిచింది. అక్కడ మామూలు తీగే ఉంది, అతుకు ఇప్పటికీ కనపడటం లేదు. నానమ్మ చేతిపనికి ఆ క్షణంలో కూడా ముచ్చటేసింది. అక్కడ తుంచింది. లోపలి ఆరువేల పైచిలుకు చుట్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పైవి లేకపోతే గొంతు కొంచెం తగ్గుతుందేమో, పలకడానికి అడ్డేం లేదు. కొస గీరింది. కడ్డీ కోసం గదిలోకి వచ్చేసరికి తేజేశ్వర్ ఫోన్ చెవికి పెట్టుకుని ఉన్నాడు. "హలో, బాలశౌరన్నా..."

"అన్నయ్యా, ఫోన్ పెట్టెయ్!"

ఎవరి గొంతు అది? జోయెల్ చేతిలో డ్రమ్ము పుల్ల జారి కిందపడింది. తేజేశ్వర్ నోరు తెరిచి, "అన్నా, మళ్ళీ చేస్తా" అని పెట్టేశాడు. శ్రీదుర్గకే చెవులు వేడెక్కాయి. తల వంచుకుని అతుకు పెట్టింది, పొగ లేచింది, పికప్ బిగించి వైరు తగిలించింది, లావు తీగ మీటింది.

ముందు స్పీకరు మీదున్న స్టీలు గ్లాసులో నీళ్ళు వణికాయి. తర్వాత కిటికీ తలుపు జిర్రుమంది. అప్పుడు తెలిసింది అందరికీ, గది నేలలోంచి పైకి లేచినట్టు ఒక గొంతు, గుండ్రంగా, వెచ్చగా. శ్రీదుర్గ తీగ చుట్టిన పెన్సిలును జేబులో వేసుకుని, మగ్గం కింద ఏరుకొచ్చిన నూలు పీచును, మోత సాగకుండా, తీగల కింద మడిచి దోపింది. గొంతు ఇంకా పొట్టిగా, బొద్దుగా మారింది, సున్నుండలు వరసగా పళ్ళెంలో పెడుతున్నట్టు. పీచు కొంచెం వెనక్కి లాగింది. మళ్ళీ వాయించింది. కొంచెం ముందుకి. నవ్వు ఆపుకోలేకపోయింది.

"చర్చిలో కొత్తదానికి లేదే ఈ గొంతు" అన్నాడు జోయెల్.

జెస్సికా వెంటనే ఫోన్ కలిపి రాఘవమ్మకు వినిపించింది. "ఏవుందే అందులో?" అంది ఆవిడ. "టకటకా గోటితో గీకినట్టుంది. ఇందుకా నా చేత అన్ని చుట్లు చుట్టించావు?"

"ఫోన్లో లావు గొంతు రాదు నానమ్మా!"

"అయితే నేనే వస్తా."

అన్నట్టే ఆదివారం పాసింజర్లో దిగింది. కమ్యూనిటీ హాల్లో ముందు వరస కుర్చీలో కూర్చుని చెప్పులు విడిచింది. శ్రీదుర్గ వేదిక మీద అందరికంటే వెనక, స్పీకరు పక్కన నిలబడింది. తనకు కావలసిన చోటు అదే. జోయెల్ పుల్లలు కొట్టి నాలుగు లెక్కపెట్టాడు.

మొదటి రెండు పాటలకు ఆమె తల ఎత్తలేదు. మూడో పాటలో జెస్సికా గొంతు పైకెళ్ళినప్పుడు తను కిందికి దిగింది. ఆ మధ్యలో ఏర్పడ్డ చోటులో పాట హాయిగా కూర్చుంది. వేళ్ళు వాటంతట అవే నడుస్తున్నాయి. తల ఎత్తి చూస్తే నానమ్మ కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకుంది. తర్వాత చూసింది ఆవిడ పాదాలు. గుంటలో కూర్చుని మగ్గం తొక్కుతున్నట్టు, కుడి ఎడమ, కుడి ఎడమ, నేలను తాళానికి తొక్కుతున్నాయి. శ్రీదుర్గ వేళ్ళూ ఆ పాదాలూ ఒకదాన్నొకటి తప్పకుండా పాట చివరిదాకా వెళ్ళాయి.

చప్పట్లు ఆగాక తేజేశ్వర్ నానమ్మ దగ్గరకు వచ్చి చేతులు నలుపుకున్నాడు. "నానమ్మా, నా గిటారుకీ ఒకటి చుడతావా?"

"మౌనవ్రతం అన్నావంటగా దాన్ని?"

"ఏదో సరదాకి..."

"చుడతాలే. ముందు వచ్చి పది రోజులు నాకు కండెలు చుట్టిపెట్టు." రాఘవమ్మ మనవరాలి వైపు తిరిగింది. "ఏమే, విప్పిన తీగేం చేశావు? పారేశావా?"

శ్రీదుర్గ జేబులోంచి పెన్సిలు తీసింది. దాని నడుమున ఎనిమిదొందల డెబ్బై చుట్ల తీగ ఎర్రగా మెరుస్తోంది. రాఘవమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, గోటితో మీటి చూసింది.

"చుట్టు కుదర్లేదే" అంది. "కండె ఇట్టాగేనా చుట్టేది? ఈసారి సెలవులకి ఊరికి రా, నేర్పుతా. బ్లేడు కూడా తెచ్చుకో."