ఫాలుట్ దాకా ఇద్దరం

దేవమణి ఖరగ్‌పూర్‌లో ఒక బడిలో భూగోళం చెప్పేది. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో అన్నయ్య తీతుకి ఇచ్చిన రైల్వే క్వార్టర్‌లో అమ్మతోనూ వదిన ఏంజెలాతోనూ కలిసి ఉండేది. హిమాలయాల గురించి ఏళ్ల తరబడి పాఠం చెప్పింది గానీ వాటిని కళ్లారా చూసింది ఒక్కసారే. డార్జిలింగ్ విహారయాత్రలో, అదీ ఎవరూ తప్పిపోకుండా పిల్లల తలకాయలు లెక్కపెట్టుకుంటూ. ఆ రోజు జీపు డ్రైవరు దూరంగా ఒక కొండ వరసను చూపించి, అది సింగలీలా అన్నాడు. దాని వీపు మీద నడిచిపోతుంటే ఒక పక్క నేపాల్, ఒక పక్క మన దేశం, ఎదురుగా కాంచన్‌జంగా అని చెప్పాడు. ఆ మాట ఆమె మనసులో ఉండిపోయింది.

తిరిగొచ్చాక ఆ సంగతి చెప్పింది వాసంతికి. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. వాసంతి రైల్వే ఆఫీసులో పని చేస్తుంది, న్యూ సెటిల్‌మెంట్‌లో అత్తగారితో ఉంటుంది. మొగుడికి చక్రధర్‌పూర్ బదిలీ అయినప్పటి నుంచి ఆమెకూ ఎక్కడికైనా పోవాలనే ఉంది. వినగానే, "పోదామే. ఫాలుట్ దాకా ఇద్దరం పోదాం," అంది.

ఫాలుట్ అంటే ఆ కొండ వరసలో చివరి మజిలీ. చాలామంది దానికి ముందుండే సందక్‌ఫూ దాకా వెళ్లి, కాంచన్‌జంగాను చూసి, అక్కడి నుంచే జీపులో దిగిపోతారు. దేవమణికి అది నచ్చలేదు. కొండ కింద మానేభంజాంగ్‌లో మొదలుపెట్టి, సింగలీలా నేషనల్ పార్కు మొత్తం నడిచి, గోర్ఖే మీదుగా అడవిలోంచి శ్రీఖోలాకి దిగాలని ఆమె పట్టు. అదీ డిసెంబరు మొదట్లోనే వెళ్లాలి. అప్పటికి వానలు పోయి ఆకాశం తేటగా ఉంటుంది, మంచు ఇంకా దారి మూసేయదు, క్రిస్మస్‌కి ఇంట్లో ఉండొచ్చు. కూలీలను పెట్టుకోకుండా ఎవరి సంచీ వాళ్లే మొయ్యాలనుకున్నారు. గైడు మాత్రం తప్పనిసరి అంటే, దేవమణి మానేభంజాంగ్‌లో ఒకతన్ని పట్టుకుని ఫోనులో హిందీలో అన్నీ కనుక్కుంది. ఏ ఊళ్లో పడక దొరుకుతుంది, కొండ ఎక్కడం ఎక్కడ కష్టం, ఎక్కడ గాలి ఎక్కువ. అడిగి అడిగి చివరికి ఆ మనిషి పిల్లల పేర్లు కూడా ఆమెకు తెలిసిపోయాయి.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆమె వాసంతి ఇంటికి వెళ్లేది. నేల మీద మ్యాపు పరుచుకుని, టీ తాగుతూ, ఏ పూట ఎక్కడ ఆగాలో మాట్లాడుకునేవారు. రోజూ పొద్దున్నే సంచుల్లో బియ్యం మూటలు పెట్టుకుని సెటిల్‌మెంట్ వీధులన్నీ తిరిగేవారు. సైకిళ్ల మీద డ్యూటీకి పోయేవాళ్లు, ఏ బండికి దీదీ, అని ఆటపట్టించేవారు.

వానలు తగ్గుముఖం పట్టాక, ఎక్కడం అలవాటవుతుందని ఇద్దరూ పురూలియా వెళ్లి అయోధ్య కొండ ఎక్కారు. సగం దారిలో దేవమణికి ఊపిరి అందలేదు. గొంతులో పిల్లికూతలు మొదలై, రాయి మీద కూలబడింది. వాసంతి ఆమె వీపు రాస్తూ, చెయ్యి వదలకుండా పక్కనే కూర్చుంది. కాసేపటికి సర్దుకుంది. ఈ సంగతి ఇంట్లో చెప్పొద్దని దేవమణి బతిమాలింది. వాళ్ల నాన్న ఉబ్బసంతోనే పోయాడు. అమ్మకు తెలిస్తే గుమ్మం దాటనివ్వదు. వాసంతి తన మెడలోని పుస్తెలు పట్టుకుని చెప్పనంది.

దేవమణి డాక్టరును కలిసింది. ఆయన పరీక్షలు చేయించి, ఇన్‌హేలర్ రాసి, తొందరపడకుండా ఎక్కితే వెళ్లొచ్చన్నాడు. ఆ మాట విన్నాక వాసంతి కూడా ఊరట పడినట్టే కనిపించింది.

దుర్గా పూజ తర్వాత వాసంతి పొద్దుటి నడకకు రావడం మానేసింది. ఆఫీసులో పని ఎక్కువైందని చెప్పింది. ఆదివారాలు మాత్రం తప్పలేదు. పైగా మునుపటికంటే ఎక్కువ అడిగేది. టుమ్లింగ్‌లో ఎవరింట్లో దిగాలి, గైడు మాట మీద నిలబడే మనిషేనా, ఫాలుట్ నుంచి దిగేటప్పుడు దారి ఎక్కడ చీలుతుంది. దేవమణి సంతోషంగా చెప్పేది. బళ్లో ఏ పిల్లా అంత శ్రద్ధగా వినలేదని నవ్వింది కూడా.

నవంబరు నడిమధ్యలో ఒక సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చేసరికి తీతు గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. లోపల అమ్మ ఏడుస్తోంది.

"పురూలియాలో ఊపిరాడక పడిపోయినావట. మాకెందుకు సెప్పలేదు?" అన్నాడు తీతు.

ఎవరు చెప్పారని ఆమె అడిగింది. ఎవరైతే ఏటి, నిజమా కాదా అన్నాడు. నిజమే గానీ డాక్టరు వెళ్లొచ్చన్నాడని ఆమె ఎంత చెప్పినా అతను వినలేదు. అమ్మ మంచం మీంచి లేచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "మీ నాన్నను సూసినాను. నిన్ను కూడా అలా సూడలేను," అంది. ఆ మాటతో దేవమణి పట్టు సడలింది. వెళ్లనని ఒప్పుకుంది.

వెంటనే సైకిలేసుకుని వాసంతి ఇంటికి వెళ్లి, ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. వాసంతి జుట్టు నిమురుతూ, "ఎవురు సెప్పుంటారే? డాక్టరు దగ్గర ఆ కాంపౌండరు మీ వీధోడే కదా," అంది. తనూ మానేస్తానంది. దేవమణి ఒప్పుకోలేదు. ఒకరైనా చూసి రావాలంది. అయితే మా ఆఫీసులో హరిణిని అడిగి చూస్తానంది వాసంతి, అప్పుడే తట్టినట్టుగా. మర్నాడు దేవమణి మ్యాపునూ గైడు ఫోను నంబరునూ తెచ్చి ఇచ్చింది. హరిణికి ఉండదేమోనని, కొత్తగా కొనుక్కున్న స్లీపింగ్ బ్యాగును కూడా ఇచ్చేసింది. ఆ తర్వాత చాలా రోజులు, కాంపౌండరు కనిపిస్తే ముఖం తిప్పుకుని పోయింది.

వాసంతి, హరిణిల ప్రయాణం దగ్గర పడిన వారంలో దేవమణి, వదిన కలిసి కేకుకు కావలసినవి కొనడానికి గోల్ బజార్ వెళ్లారు. ఉన్ని బట్టల దుకాణం ముందు చేతి తొడుగులు బేరమాడుతూ ఒకమ్మాయి కనిపించింది. హరిణి. దేవమణిని చూసి పరుగున వచ్చింది.

"దీదీ, మీకు థ్యాంక్స్ సెప్దామనుకుంటన్నాను. పూజల్లోనే మీరు రానని సెప్పేసినారట కదా, అందుకే నాకు ఛాన్సొచ్చింది. అప్పట్నుంచీ వాసంతి దీదీ, నానూ రోజూ పొద్దున్న స్టేడియం కాడ నడుస్తన్నాం."

దేవమణి ఆ పిల్ల ముఖం చూసింది. అందులో కల్లా కపటం ఏమీ లేదు. జాగ్రత్తగా వెళ్లి రమ్మని చెప్పి పంపించింది. పక్కనే ఏంజెలా తలెత్తకుండా నిలబడి ఉంది. దేవమణి ఆమె వైపు తిరిగింది.

"వాసంతే వచ్చింది," అంది ఏంజెలా చివరికి. "నువ్వు బడికెళ్లినాక. అత్తమ్మతోటి, మీ అన్నయ్యతోటి సెప్పింది. తన పేరు సెప్పొద్దని ఒట్టేయించుకుంది. నీ మంచికే అనుకున్నాం, దేవమణీ."

కిస్‌మిస్ పొట్లాలు వదిన చేతిలో పెట్టి దేవమణి అటునుంచి అటే న్యూ సెటిల్‌మెంట్‌కి నడిచింది. పూజల నుంచి గడిచిన ఆదివారాలు ఒక్కొక్కటే గుర్తొస్తుంటే ఒళ్లు వేడెక్కింది. నేల మీద మ్యాపు, టీ గ్లాసులు, వాసంతి అడిగిన ప్రశ్నలు. తనను తీసుకెళ్లకూడదని అప్పటికే అనుకున్న మనిషే తన ఎదురుగా కూర్చుని దారి అడిగింది.

వాసంతి వరండాలో సంచీ సర్దుకుంటోంది. దేవమణి ముఖం చూడగానే ఆమెకు అర్థమైపోయింది. అత్తగారిని లోపలికి పంపించింది.

"భయమేసింది," అంది వాసంతి. "ఆ పైన నీకేటైనా అయితే మీ అమ్మకు నానేటి సెప్పాలి?"

"ఆ మాట నాతో అనొచ్చు కదా. నిన్ను తీసుకెళ్లలేనే, నాకు భయం అని ఒక్క ముక్క. ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, ఊరుకునేదాన్ని."

"నువ్వు ఒంటరిగానైనా పోయేదానివి."

"పోతే పోయేదాన్ని. అది నా ఇష్టం."

దేవమణి గొంతు తగ్గించి అడిగింది. "నీ ఒళ్లో పడి ఏడిస్తే, ఎవురు సెప్పుంటారని నన్నే అడిగినావు. ఆ కాంపౌండరు మీదకి తోసినావు. అదెందుకు?"

వాసంతి సంచీ తాడు ముడేస్తూ, విప్పుతూ ఉండిపోయింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. దేవమణికి జాలి కలగలేదు. అదే ఆమెకు ఆశ్చర్యంగా అనిపించింది. ముప్పై ఏళ్లలో వాసంతి ఏడిస్తే తను చూస్తూ ఊరుకోవడం అదే మొదటిసారి.

మెట్లు దిగి గేటు దాకా వెళ్లి, ఆగింది. ఆ ముందు రోజే గైడు ఫోన్ చేసి ఒక సంగతి చెప్పాడు. అది తనకు తప్ప వాళ్లకు తెలీదు. చెప్పకుండా పోవచ్చు. ఒక నిమిషం నిలబడి, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"ఈసారి సలి ముందే వచ్చిందట. ఫాలుట్‌లో పైపులు గడ్డకట్టేసినాయట. దారిలో సాబర్‌గ్రామ్‌లోనే నీళ్లు నింపుకోండి. పడుకునేటప్పుడు సీసాలు పక్కలోనే పెట్టుకోండి. ఆ పిల్లకు సెప్పు."

ఇంటికి వెళ్లాక తీతును కూర్చోబెట్టింది. తిట్టలేదు. మర్నాడు తనతో డాక్టరు దగ్గరికి రమ్మని మాత్రం అడిగింది. అతను వచ్చాడు, తన చెవులతో విన్నాడు. ఇంట్లో అమ్మతో మాట్లాడింది అతనే. అప్పటికి ఆ ఏటి ప్రయాణానికి వ్యవధి లేదు, బళ్లో పరీక్షలు మొదలయ్యాయి. కాంపౌండరు కనిపించినప్పుడు దేవమణి ఆగి, బాగున్నారా దాదా, అని పలకరించింది. అన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదో అతనికి తెలియదు. అతను ఆనందంగా తన కూతురి చదువు సంగతులు చెప్పాడు.

క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం వాసంతి వచ్చింది. ముఖం ఎండకూ చలికీ నల్లబడి, పెదాలు పగిలి ఉన్నాయి. ఉతికి మడిచిన స్లీపింగ్ బ్యాగు, కొండ మీద చేసే చుర్పీ అనే గట్టి జున్ను పొట్లం తెచ్చింది. గైడు అడిగాడనీ, దేవమణి మేడమ్ ఎందుకు రాలేదని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడనీ చెప్పింది. కొండ ఎలా ఉందో చెప్పబోయి ఆపుకుంది.

"వచ్చే ఏడు మళ్లీ ఎల్దాం, మనిద్దరమే," అంది. "దారి తెలిసింది కదా."

దేవమణి స్లీపింగ్ బ్యాగు తీసుకుంది. పొట్లం తీసుకోలేదు.

"నాను ఎల్తాను, వాసంతీ. గైడుతో మాట్లాడేసినాను. నీతో మాత్రం రాను."

వాసంతి, అమ్మ ఎలా ఉందని అడిగింది. బాగుందని దేవమణి చెప్పింది. లోపలికి రమ్మనలేదు. వాసంతి సైకిలెక్కి వీధి మలుపు తిరిగేదాకా చూసి తలుపు వేసుకుంది. క్రిస్మస్ పాటల వాళ్లు వచ్చే వేళయింది. ఏంజెలా కేకు కోస్తోంది. దేవమణి వెళ్లి ఆమె పక్కన కూర్చుని పళ్లేలు తుడవసాగింది.