నీలిగళ్ళ చొక్కా

అమ్మలు మొగుడికి మనుషుల మొహాలతో పనిలేదు. అంచులు కావాలి. వెనకనుంచి వెలుగు కొట్టి, మనిషి మొత్తం బొగ్గులా నల్లబడి, ముక్కూ గడ్డం మాత్రం కత్తిరించి అతికించినట్టు కనిపిస్తే ఆ మనిషి అందగాడు. లేకపోతే ఎంతటివాడైనా దండగే. సొంత తమ్ముణ్ణి పట్టుకుని, పొట్ట వల్ల వీడు ఫ్రేముకి పనికిరాడని అందరి ముందూ తేల్చి పారేశాడు. మేనత్తని మాత్రం ఆ ముక్కు కోసం పనిగట్టుకుని పిలిపించి, ఆవిడ కాఫీ చల్లారిపోయేదాకా కిటికీలో నిలబెట్టాడు. అంతసేపూ ఆవిడ తన కాలినొప్పి గురించి చెప్పుకుంటూనే ఉంది. ఏం చెప్పిందని తర్వాత అడిగితే ఒక్క ముక్క చెప్పలేకపోయాడు.

వారమంతా టైల్స్ షాపులో బాత్రూము గోడలకీ నేలలకీ బేరాలాడే మనిషి. పొద్దు వాలుతున్న టైముకి ఇంట్లో ఉన్నాడంటే మాత్రం కెమెరా మెడలో పడాల్సిందే. ఇక ఒళ్ళు తెలిసేది కాదు.

ఫోటోలు తీయడం ఆయన వంతు. వాటిని చూడదగ్గట్టు చెయ్యడం అమ్మలు వంతు. ఆమె ఆల్బమ్‌లు తయారుచేసే స్టూడియోలో పనిచేస్తుంది. పగలంతా పెళ్ళికూతుళ్ళ మొటిమలు తుడిచి, పెళ్ళికొడుకుల బట్టతలల మీద జుట్టు మొలిపించి ఇంటికొస్తే, ఇక్కడ మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ఆకాశంలో కరెంటు తీగలు చెరపాలి, నారింజ రంగు దట్టించాలి, నిలబడ్డ మనిషిని ఇంకాస్త చీకట్లోకి తోయాలి. చప్పట్లు మాత్రం మొగుడికి. మొగుడు చేరిన ఫోటోల క్లబ్బువాళ్ళని చూస్తేనే అమ్మలుకి వెగటు. ఒకడు తీసిన సూర్యాస్తమయాన్ని చూసి ఇంకొకడు "అబ్బ, ఆత్మ ఉంది సార్ దీన్లో" అంటూ చొంగ కార్చుకునే రకం. ఆ ఆత్మ తీసుకొచ్చేసరికి ఎవరి కళ్ళు వాచిపోయాయో వాళ్ళకి అక్కర్లేదు.

ఈసారి క్లబ్బు పోటీలో మొగుడికి మొదటి బహుమతి వచ్చింది. ఫోటోలో ఉన్నది అమ్మలు నాన్న. బాల్కనీ గుమ్మంలో పెద్దాయన, వెనక ఎర్రటి సూర్యుడు. ఒక చెయ్యి పక్కకి చాచి, వేళ్ళు విప్పి, లోకాన్నంతా దీవిస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. దానికి 'ఆశీర్వచనం' అని పేరు పెట్టారు. మొగుడు ఆ ఒక్క ఫోటో, అదీ తనే ముప్పాతిక నల్లబరిచి తెచ్చి ఇచ్చిన రోజున, "ఎప్పుడు తీశారు?" అని అడిగింది అమ్మలు.

"ఎప్పుడో, గుర్తులేదు. ఆ నాలుగు కాళ్ళ ఇనప సామాను తీసెయ్. దీవెన మధ్యలో ఏంటా దరిద్రం?"

ఇనప సామానంటే పెద్దాయన వాకర్. అమ్మలు దాన్ని ఒక్కో కాలే చెరిపేసింది. ఎక్కడా అతుకు తెలియకుండా వచ్చిందని తనలో తను మురిసిపోయింది కూడా.

పెద్దాయన సంగతి చెప్పాలి. బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయినవాడు. హారన్ కొట్టకుండా ఏ మలుపూ తిప్పి ఎరగడు. కూతురింట్లోనూ అదే అలవాటు. కుర్చీలోంచి లేవాలంటే "లేస్తున్నానర్రోయ్" అని కేక వెయ్యాల్సిందే. మోకాళ్ళు అరిగి చేతికి వాకర్ వచ్చాక ఆ కేక ఇంకా పెరిగింది. పక్కవాటా వాళ్ళ పసిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చేది. అలాంటివాడు ఎండాకాలంలో ఓ సాయంత్రం బాల్కనీలో పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు ఇంట్లో ఉన్నది అల్లుడొక్కడే.

"నేను స్నానం చేస్తున్నా. ధన్‌మని చప్పుడైంది. తడి ఒంటితో పరిగెత్తుకొచ్చా" అన్నాడు అల్లుడు.

"పిలిచానమ్మా" అన్నాడు పెద్దాయన ఆస్పత్రి మంచం మీదనుంచి. "అల్లుడుగారూ, అల్లుడుగారూ అని పిలిచా. ఆయన ఎదురుగానే ఉన్నారు."

అల్లుడు మంచం తలవైపు నిలబడి, అయ్యో పాపం అన్నట్టు మొహం పెట్టి, కణత దగ్గర వేలు తిప్పి చూపించాడు.

అమ్మలు అన్నయ్య ఆ వేలినే నమ్మాడు. అమ్మలూ నమ్మింది. నమ్మి ఊరుకోలేదు, నాన్న మీద విరుచుకుపడింది కూడా. "పిలిస్తే రాని మనిషా ఆయన? చెప్పకుండా లేచి పడిందిగాక, నింద ఇంకొకళ్ళ మీద వేస్తావా నాన్నా?" అంది. పెద్దాయన ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అక్కణ్ణుంచే ఆయన కుంగడం మొదలైంది. ముందు కేక ఆగిపోయింది. తర్వాత ప్రతిదానికీ సందేహం. "అమ్మలూ, ఇప్పుడు నేను మంచినీళ్ళు అడిగానా, మనసులో అనుకున్నానా?" అనేవాడు. దీపం తనే ఆర్పాడా, ఎవరైనా ఆర్పారా అని అడిగేవాడు. అల్లుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, జరిగినవీ జరగనివీ కలిపి తనే చెప్పి, మాత్రలు రాయించుకొచ్చాడు. ఆ మాత్రలతో పెద్దాయన పగలంతా మగతగా పడి ఉండేవాడు, దిండు మీద చొంగ కారేది. చివరికి అన్నయ్యా మొగుడూ కూడబలుక్కుని, మతి తప్పినవాళ్ళని ఉంచుకునే ఒక చోటు మాట్లాడారు. అక్కడ గదులకి గొళ్ళేలు బయటివైపే ఉంటాయట. క్లబ్బువాళ్ళు పెడుతున్న ఫోటోల ప్రదర్శన అయిన మర్నాడే ప్రయాణం. అమ్మలు కాదనలేదు. నాన్న బట్టలు మడిచి సంచిలో సర్దింది.

బహుమతి ఫోటోని తలుపంత ఎత్తున ముద్రించి ప్రదర్శన హాల్లో గుమ్మం ఎదురుగా పెట్టాలని క్లబ్బు నిర్ణయం. ముద్రించేవాడు ఫోన్ చేశాడు. అంత పెద్ద సైజులో చేతి అంచులు రంపం పళ్ళలా వస్తున్నాయి, ఇది లాభం లేదు, కెమెరాలో పడ్డ అసలు ఫైలునుంచి మళ్ళీ చేసి పంపమన్నాడు. మొగుడు హాల్లో గోడలకి లైట్లు పెట్టించడంలో మునిగి ఉన్నాడు. "పాత డిస్కులో ఉంటుంది, చూసుకో" అన్నాడు. బహుమతి ఆయన నెత్తికెక్కిన ఎత్తు ఎంతంటే, ఆ డిస్కులో దాచుకోవాల్సింది ఒకటుందనే మర్చిపోయాడు.

నీడలోంచి మనిషిని బయటికి లాగే మీట ఒకటుంటుంది కంప్యూటర్లో. బొమ్మ నల్లగా రావాలంటే దాన్ని కిందకి గుంజాలి. అమ్మలు పద్ధతి వేరు. ముందు దాన్ని పైదాకా తోస్తుంది. ఏది వేలో ఏది గుమ్మమో, ఏది చెవో ఏది జుట్టో వెలుగులో చూసుకుని, అంచు సరిచేసుకుని, ఆ తర్వాతే కిందకి గుంజుతుంది. మొగుడు ముందే నల్లబరిచి ఇచ్చిన ఫోటోకి ఆ వీలు లేకపోయింది. ఇప్పుడు తోసింది.

నలుపంతా బూడిదరంగు పొక్కుల్లా పైకి తేలింది. అందులోంచి ముందు చొక్కా బయటపడింది. నీలిగళ్ళ చొక్కా.

అది తను కొన్నదే. ఆ రోజు పొద్దున తనే కవరు చింపి, కాలరులో గుండుసూదులు తీసి, నాన్నకి తొడిగి పనికి వెళ్ళింది. సాయంత్రం ఆస్పత్రిలో నర్సు కత్తెర పెట్టి దాన్ని నిలువునా కోసేసింది. పెద్దాయన ఒంటిమీద ఆ చొక్కా ఉన్నది ఆ ఒక్కరోజే. ఫైలు మీద తేదీ చూడాల్సిన పనే లేకపోయింది.

తర్వాత మొహం తేలింది. నోరు తెరిచి ఉంది. కళ్ళు సూటిగా కెమెరాలోకి చూస్తున్నాయి. దీవిస్తున్న చెయ్యి దీవించడం లేదు, గుమ్మాన్ని అందుకోబోయి అందుకోలేకపోతోంది. వాకర్ ముందుకాలు తలుపు జరిగే పట్టాలో ఇరుక్కుని, వాకర్ మొత్తం పక్కకి ఒరిగింది. అమ్మలు ఒక్కో కాలే చెరిపేసిన వాకర్.

ఆమె మిగతా ఫ్రేములు తెరిచింది. మొగుడు ఏదీ పారెయ్యడు, అన్నీ వరసగా ఉన్నాయి. నోరు మూసుకుని ఉన్న నాన్న, నోరు తెరిచిన నాన్న, మళ్ళీ తెరిచిన నాన్న. కొంచెం వంగిన నాన్న, ఇంకొంచెం వంగిన నాన్న. చివరి ఫ్రేములో నాన్న లేడు. సూర్యుడు, బాల్కనీ కమ్మీలు, ఖాళీ గుమ్మం, కింద అంచున ఒక అరికాలు. దాన్ని కూడా తీశాడు. మామగారు కింద పడ్డాక కూడా వేలు కెమెరా మీట మీదనుంచి లేవలేదు.

"ఛీ" అంది అమ్మలు పైకే. బాత్రూములోకి వెళ్ళి కక్కుకుంది. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. ఆ చేతులే వాకర్ని మాయం చేశాయి, ఆ నోరే నాన్నని అబద్ధాలకోరుని చేసింది. మొగుడి మీద ఎంత అసహ్యం పుట్టిందో తన మీదా అంతే పుట్టింది. అద్దంలోకి చూడబుద్ధి కాలేదు.

ఫ్రేములన్నీ అన్నయ్యకి పంపింది. అవి చూసి అన్నయ్య ఫోన్ చేశాడు. "ఆ సంచి విప్పెయ్, అమ్మలూ. నేను వస్తున్నా" అన్నాడు.

మొగుడు హుషారుగా ఈల వేసుకుంటూ ఇంట్లో అడుగుపెట్టాడు. తెర మీద బొమ్మ చూసి గుండె బాదుకున్నంత పని చేశాడు.

"అయ్యయ్యో, ఏంటిది? నీడలన్నీ ఎత్తేశావేంటి? ఆ పొక్కులు చూడు, అసహ్యంగా! మొత్తం ఖూనీ చేశావు ఫోటోని."

"ఆ చొక్కా చూడండి" అంది అమ్మలు.

"చొక్కా ఎవడిక్కావాలి? కిందకి గుంజు ముందు."

"ఆ చొక్కా ఆస్పత్రిలో కోసేశారు. చూడండి."

ఆయన చూశాడు. అర్థమవడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక మొహంలో రక్తం దిగిపోయింది, ఐనా చెయ్యి మాత్రం మౌస్ వైపే వెళ్ళింది. అమ్మలు దాన్ని దూరం జరిపింది.

"స్నానం చేస్తున్నానన్నారు."

"అది కాదు... నాకు ఆకారమే కనపడింది, అమ్మలూ. ఒట్టు. మనిషి కనపడలేదు. ఆ లైటు ఎలా ఉందో నువ్వే చూస్తున్నావుగా. పడతారని నేనెలా అనుకుంటా?"

"పిలిచాడా, లేదా?"

"పిలిస్తే వినపడదా నాకు? అంత దుర్మార్గుణ్ణా?" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, చుట్టుపక్కల ఎవరైనా వింటారేమో అన్నట్టు చూసి, "చూడు, ప్రదర్శన అయిపోనీ. రేపొక్కరోజు. కావాలంటే తర్వాత మామయ్యగారి కాళ్ళు పట్టుకుంటా. బొమ్మ మాత్రం ఇప్పుడే పంపాలి, వాడు ఎదురుచూస్తున్నాడు" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఈ మనిషి పక్కన పడుకుంది. ఈ మనిషి ఎంగిలి గ్లాసులో నీళ్ళు తాగింది. అది తలుచుకుంటేనే అమ్మలుకి ఒళ్ళంతా జలదరించింది. గొంగళిపురుగు మెడమీద పాకితే విదిలించుకోవచ్చు, ఇంతకాలం కాపురాన్ని ఎలా విదిలించుకోవాలో తెలియలేదు. లేచి నాన్న గదిలోకి వెళ్ళింది.

మధ్యాహ్నం మాత్ర ఆమె ఇవ్వలేదు. పెద్దాయన మెలకువగానే ఉన్నాడు, గోడకి ఆనుకుని కూర్చుని, మూలనున్న సంచి వైపు చూస్తున్నాడు. ఎక్కడికని ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరైనా చెప్పే ఉంటారు, తనే మర్చిపోయి ఉంటాననుకుంటున్నాడు కాబోలు. అమ్మలు మంచం మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, నువ్వు పిలిచావు."

"ఎప్పుడమ్మా?"

"పడ్డ రోజు. ఆయన ఎదురుగానే ఉన్నాడు. ఫోటోలు నా కళ్ళతో చూశాను. నీ మతికేం కాలేదు నాన్నా. నువ్వు నిజమే చెప్పావు, నేనే నీచంగా మాట్లాడాను."

పెద్దాయన దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతూ ఉండిపోయాడు. "ఇంకోసారి చెప్పు" అన్నాడు. ఆమె చెప్పింది. "ఇంకోసారి" అన్నాడు. మళ్ళీ చెప్పింది. ఆయనకి కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

మొగుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముద్రించేవాడి ఫోను చేతిలో మోగుతోంది.

"అయితే ఇంకొకటి అడుగుతా" అన్నాడు పెద్దాయన. "ఎవరికీ చెప్పలేదిది. పిలిచానంటేనే నమ్మలేదు, ఇది కూడా చెప్తే మరీ పిచ్చివాణ్ణంటారని మింగేశా. నేను పిలిస్తే అల్లుడుగారు పలికారమ్మా. 'ఒక్క నిమిషం మామయ్యగారూ, అలాగే ఉండండి, బాగా వస్తోంది' అన్నారు. నిజంగా అన్నారా, నాకే అలా అనిపించిందా?"

అమ్మలు తల తిప్పి మొగుడి వైపు చూసింది. ఆయన చూపు నేలకి దించుకున్నాడు. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

"అన్నారు నాన్నా" అంది అమ్మలు.

"అదీ సంగతి" అని గుండెనిండా గాలి పీల్చుకున్నాడు పెద్దాయన. "నేను అలాగే ఉందామనే చూశానమ్మా. కాళ్ళే మాట వినలేదు."