ఖాళీ డబ్బాలో చెయ్యి

బన్సీలాల్‌పేట్ మెట్లబావికి రెండు సందుల అవతల, రేకుల వరండా ఉన్న ఆ చిన్న ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టగానే ఒక పని తప్పకుండా జరుగుతుంది. ఆ ఇంటి కోడలు క్యారల్ బియ్యం కొలిచాక, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి గూట్లోని రేకు డబ్బాలో వేస్తుంది. మిగిలిందే ఇంటివాళ్లకు. క్రైస్తవ కుటుంబాల్లో పెరిగిన పాఠకులకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. తెలియని వారి కోసం చెబుతున్నాను. దీన్ని పిడికెడు బియ్యం అంటారు. నెలకోసారి ఇలాంటి డబ్బాలన్నీ గుడికి, అంటే చర్చికి, చేరతాయి. స్త్రీల సమాజం వాళ్లు ఆ బియ్యం అమ్మి, సంఘంలో ఎవరింట కష్టముంటే వారిని ఆ డబ్బుతో ఆదుకుంటారు.

ఆ ఉదయం కూడా క్యారల్ పిడికెడు తీసింది. సంచి అడుగు కనిపిస్తున్నా తీసింది. డబ్బా మూత పెట్టి ఇటు తిరిగేసరికి భర్త జెరెమియా వరండాలో ఫోను బోర్లా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన పెట్టిన చాయ్ మీద మీగడ కట్టింది.

"ఏమైందండీ? మార్కెట్‌కు పోలే, చాయ్ సుత తాగలే?"

"ఏం లేదు. జెర తల నొస్తుంది."

"మరి హదస్సా ఫీజు ఇయ్యాల్నే కట్టేద్దామా? రేపే లాస్ట్ డేట్ గద."

జెరెమియా ఫోను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. పందొమ్మిదేళ్లు ఒక కంపెనీ స్టాఫ్ బస్సు నడిపిన మనిషి. వానాకాలంలో కంపెనీ ఊరు దాటి వెళ్లిపోయింది, బస్సు ఆగిపోయింది, దాంతో జీతమూ ఆగిపోయింది. ఇప్పుడు తెల్లారకముందే స్కూటర్ మీద బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్లి ఎవరిదో ట్రాలీ ఆటో నడిపి దినకూలి తెచ్చుకుంటున్నాడు. క్యారల్‌కు రాంగోపాల్‌పేట్‌లో ఒక పిల్లల బడిలో ఆయా పని. రెండు సంపాదనలూ కలిసినా కూతురు హదస్సా నర్సింగ్ ఆఖరి సంవత్సరం పరీక్ష ఫీజుకు చాలవు. అది కట్టకపోతే ఆ పిల్లకు ఏడాది పోతుంది.

అందుకే పోయిన ఆదివారం స్త్రీల సమాజం ఈసారి బియ్యం డబ్బు హదస్సాకే ఇవ్వాలని నిర్ణయించింది. సమాజానికి పెద్ద క్యారల్ అత్తగారు కాంతమణే. "నా చేత్తో నా ఇంటికే ఇచ్చుకుంటానా?" అని ఆవిడ ఎంత వారించినా మిగతా ఆడవాళ్లు వినలేదు. అయితే ఆ సమాజంలో ఒక పద్ధతి ఉంది. సాయం ఎవరి చేతికీ ఇవ్వరు. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదు కాబట్టి, పుచ్చుకునే వాళ్ల తల వంగకూడదు కాబట్టి, సరాసరి ఖాతాలో వేస్తారు. ఎవరి ఖాతాలో? ఇంటి యజమాని ఖాతాలో. అది మర్యాద అని కాంతమణి నమ్మకం. క్యారల్‌కు బడి జీతం పడే ఖాతా ఒకటుంది, అందులో పైసా ఉంచకపోయినా అడిగేవారు లేరు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. పన్నెండు వేలు నిన్న సాయంత్రం జెరెమియా ఖాతాకే వెళ్లాయి.

"క్యారల్, రాంగోపాల్‌పేట్ల ఒక సేటు ఉన్నడు. వారం వడ్డీకి ఇస్తనన్నడు. పోయొస్తా," అన్నాడు జెరెమియా లేస్తూ.

"సమాజం పైసలు వచ్చినయి గద! సేటు దగ్గరికి ఎందుకు?"

జెరెమియా చెప్పులు వేసుకోబోయాడు. చొక్కా జేబులో మడిచిన కాగితం ఒకటి బయటికి కనిపిస్తోంది. క్యారల్ చటుక్కున లాగి చూసింది. స్కూటర్ ఆర్సీ. ఆ స్కూటర్ తాకట్టు పడితే తెల్లవారుజామున బోయిన్‌పల్లికి ఎలా వెళతాడు? ఆ కూలి కూడా పోతే సేటు వడ్డీ ఎవరు కడతారు?

"నిజం చెప్పండి. ఏం జరిగింది?"

అతను ఆర్సీ తిరిగి జేబులో పెట్టుకుని, ఫోను ఆమె చేతిలో పెట్టాడు. పన్నెండు వేలు జమ అయినట్టు ఒక మెసేజ్. దాని వెంటే వరసగా కోతలు. చివర మిగిలింది ఆరు వేల ఏడు వందలు.

"అయిదు వేలకు పైన ఎవరు తీసుకున్నరు?"

"బ్యాంకోళ్లే. జీతం ఆగినంక సాలరీ ఖాతా మామూలు ఖాతా అయిందట. మినిమం బ్యాలెన్స్ లేదని నెల నెల ఫైన్. బీమా కంతు కట్ కాలేదని ఇంకో ఫైన్. పైసలు రాంగనే అన్నీ ఒక్కసారి గుంజుకున్నరు."

"ఈ సంగతి మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఫైన్ పడుతుందని దసరా కాడ్నుంచి తెలుసు, కట్ అయినంక మెసేజ్ వస్తుండె. ఇంత అయితదనుకోలే."

"తెలిసి కూడా అత్తయ్యకు ఆ నంబరే ఇచ్చారా?"

"అమ్మ అడిగింది. నా ఖాతా గిట్లున్నదని చెప్పనీకి సిగ్గయింది."

క్యారల్‌కు కోపం ముంచుకొచ్చింది. ఇంటింటా పిడికెడు పిడికెడు పోగేసిన బియ్యం అది. అందులో తమకంటే లేనివాళ్ల పిడికిళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ డబ్బు ఒక్క రాత్రిలో ఆవిరైందంటే ఏ ముఖంతో గుడికి వెళ్లాలి? కానీ భర్త ముఖం చూశాక నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

"పదండి బ్యాంకుకు."

"ఏమని అడుగుతం? తప్పు మనదే గద. బ్యాలెన్స్ పెట్టలే, ఫైన్ ఏసిండ్రు. సిగ్నల్ దాటితే చలాన్ కట్టమా?"

"మీరు ఏ సిగ్నల్ దాటిండ్రండీ? కంపెనీ పోయింది, జీతం బందయింది. గది మీరు చేసిన తప్పా?"

పాఠకులారా, ఈ ప్రశ్న దగ్గర ఒక్కసారి ఆగండి. ఉద్యోగం పోయినవాడికి అందరికంటే ముందు శిక్ష వేసేది వాడి మనసే. తనే ఏదో నేరం చేసినట్టు నలుగురిలోంచి తప్పుకుంటాడు. ఎవరు జరిమానా వేసినా అదీ న్యాయమే అనుకుని తల వంచుతాడు. మన ఊళ్లలో పెద్ద పెద్ద సంస్థలు ఆ వంగిన తలల మీదే హాయిగా నడిచిపోతున్నాయి. క్యారల్‌కు ఇంత ఆలోచన లేదు. ఉన్నదల్లా రేపు సాయంత్రం లోపు కట్టాల్సిన ఫీజూ, భర్త జేబులోని ఆర్సీ. బడికి సెలవు చెప్పి బయలుదేరింది.

బ్యాంకులో జనం కిటకిటలాడుతున్నారు. వీళ్ల వంతు వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. కౌంటర్‌లోని అమ్మాయి కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండానే చెప్పేసింది.

"ఛార్జెస్ కరెక్టే సార్. సిస్టమ్ ఆటోమేటిక్‌గా కట్ చేస్తుంది. రూల్ అది."

"సరే మేడమ్," అని జెరెమియా వెనక్కి తిరిగాడు. క్యారల్ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఏ నెల ఎంత కట్ చేసిండ్రో, ఎందుకు చేసిండ్రో ఆ కాగితం ఇయ్యండి. కాగితం వచ్చేదాకా ఇక్కడే నిలబడతం."

వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. జెరెమియా చెవులు ఎర్రబడ్డాయి. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. సేటు. "మధ్యాహ్నం దాకే కూసుంటా. బండి కాగితం తెస్తవా, పైసలు వేరేవాళ్లకు ఇచ్చేయాల్నా?" ఆ మాట క్యారల్‌కు కూడా వినిపించింది. జెరెమియా చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి వెళ్లింది.

"పోదాం క్యారల్. ఇక్కడ టైం వేస్ట్."

"ఒక్క గంట ఇయ్యండి. అప్పటికీ కాకపోతే నేనే మీతోని సేటు దగ్గరికి వస్త."

కాగితం వచ్చింది. నిలబడే ఇద్దరూ వేలు పెట్టి ఒక్కో వరసా చదివారు. డబ్బు సున్నాకు చేరింది. చేరిన తర్వాత కూడా జరిమానా పడుతూనే ఉంది. నెల తిరిగేసరికి అంకె ముందు మైనస్ గీత వచ్చింది. ఆపై నెలకు ఆ గీత వెనకాల అంకె పెరిగింది. బీమా కంతు ఒకే నెలలో రెండుసార్లు లాగబోయారు. లేదని తెలిసీ రెండుసార్లూ జరిమానా వేశారు.

మేనేజరు గది తలుపు తట్టింది క్యారలే. మేనేజరు సత్యదేవ్ యాభై ఏళ్ల మనిషి, కోస్తా వైపు మాట. కూర్చోమన్నాడు గానీ కాగితం చూడకుండానే మొదలుపెట్టాడు.

"చూడమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ రూలు నేను పెట్టింది కాదు కదా. రాసివ్వండి, పైకి పంపిస్తాను. నెల రోజుల్లో ఏ సంగతీ చెబుతారు."

"నెలా? ఫీజుకు రేపే ఆఖరు సార్. సరే, రాసిస్తం. మీరు గూడ రూలు అంటున్నరు గద, ఆ రూలు కాగితం ఒక్కసారి చూపించండి. లేనివాని ఖాతాల ఫైన్ ఎంత దూరం పోవచ్చో అండ్ల ఉంటది గద."

క్యారల్ కోతల కాగితం బల్ల మీద పెట్టింది. భర్త వైపు తిరిగింది.

"ఖాతా మీది. మీరు చెప్పండి."

జెరెమియా కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. పందొమ్మిదేళ్లలో ఎవరి మీదా ఒక్క ఫిర్యాదు చేయని మనిషి. జేబులో ఫోను మళ్లీ మోగింది. ఈసారి అతను దాన్ని తీసి కట్ చేశాడు.

"సార్, నేను బస్సు నడిపినోణ్ణి," అన్నాడు మెల్లగా. "బండి స్పీడ్ పోతే ఫైన్ ఎయ్యిన్రి, కడత. కానీ డీజిల్ అయిపోయి రోడ్డు పక్కకు ఆగిన బండి నాది. ఆగినందుకు ఫైన్ అంటరు. ఎవరన్న దయతలిచి డబ్బా డీజిల్ పోస్తే, దాన్ని గూడ ఫైన్ కింద పట్టుకుంటరు. మరి బండి మళ్ల ఎప్పుడు కదలాలె సార్? ఫైన్ ఎయ్యబోతున్నమని ముందుగాల ఒక్క మెసేజ్ అన్న పెట్టిండ్రా? నా ఫోన్ చూడుండ్రి."

ఫోను బల్ల మీద పెట్టాడు.

సత్యదేవ్ ఫోను చూశాడు. కాగితం చూశాడు. తర్వాత కంప్యూటర్‌లో ఏదో తెరిచి చాలాసేపు చదివాడు.

"బ్యాలెన్స్ తగ్గితే ముందు ఖాతాదారుకు చెప్పి, నెల గడువిచ్చి, ఆ తర్వాతే జరిమానా వెయ్యాలి. చెప్పిన దాఖలా ఇక్కడ కనపడట్లేదు," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "పైగా ఆ జరిమానాతో ఖాతా మైనస్‌లోకి పోకూడదు. పోయింది. ఇది మా వల్ల జరిగిందే. మినిమం బ్యాలెన్స్ కోతలు ఇప్పుడే వెనక్కి వేయిస్తాను. కంతుకు రెండోసారి పడ్డదీ వేయిస్తాను. మిగతావి నా చేతిలో లేవు, పైకి రాయాలి."

"రాస్తం సార్. పైవాళ్లు వినకపోతే?" అంది క్యారల్.

"వాళ్లూ నెలలో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఉన్నాడమ్మా. బయట బోర్డు మీద వివరాలున్నాయి." ఒక తెల్లకాగితం వాళ్ల ముందుకు జరిపి, "ఈ ఖాతాను బ్యాలెన్స్ అక్కర్లేని ఖాతాగా మార్చమని కూడా ఇందులోనే రాయండి. అడిగితే మార్చాలి. అడిగేవాళ్లే తక్కువ," అన్నాడు.

అడిగేవాళ్లే తక్కువ! అడగకపోతే చెప్పరన్నమాట. క్యారల్‌కు ఒళ్లు మండింది. కానీ పని ముందు, కోపం తర్వాత.

ఫిర్యాదు జెరెమియాయే రాశాడు. రాసిన దాని నకలు మీద ముద్ర వేయించుకుని బయటికి వచ్చి సేటుకు ఫోన్ చేశాడు. "వద్దు సేటూ. కాగితం ఇస్తలేను," అన్నాడు. ఆర్సీ తీసి భార్య చేతికిచ్చాడు. సాయంత్రానికి ఖాతాలోకి కొంత తిరిగి వచ్చింది. తక్కువపడిన దానికి మర్నాటి మార్కెట్ కూలీ, క్యారల్ తోటి ఆయా మేబెల్ ఇచ్చిన చేబదులూ కలిపి, గడువు దాటకముందే హదస్సా ఫీజు కట్టారు. మిగతా కోతల మీద బ్యాంకు జవాబు మాత్రం ఇంకా రాలేదు. రాకపోతే బోర్డు మీది చిరునామాకు రాస్తానని జెరెమియా ఇప్పుడు తనంతట తనే అంటున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక జెరెమియా లేచి నిలబడ్డాడు. తల్లి ఆశ్చర్యంగా చూసింది. అతను దాచకుండా చెప్పాడు. మీరిచ్చిన బియ్యం డబ్బులో కొంత నా సిగ్గు మింగిందన్నాడు. నా భార్య నన్ను బ్యాంకుకు లాక్కుపోకపోతే స్కూటర్ కూడా పోయేదన్నాడు. వెనక బల్లల మీంచి యేసుదాసు అనే వాచ్‌మన్ లేచి, "నా ఖాతాల సుత గిట్లనే కట్ అయితుంది బ్రదర్. ఎవరికీ చెప్పలే," అన్నాడు. అతని వెనకాల ఒక ముసలమ్మ తన పాస్‌బుక్ పైకెత్తి చూపించింది.

అప్పుడు కాంతమణి లేచింది. కొడుకును అడిగి ఆ ఖాతా నంబరు సమాజానికి ఇచ్చింది తనే. ఆవిడ కళ్లు చెమర్చాయి గానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"నలభై ఏళ్ల నుంచి నేను పిడికెడు బియ్యం పోగేస్తున్నానర్రా. పిడికెడు ఎప్పుడు తీస్తాం? ఇంట్లో బియ్యం ఉన్నప్పుడు, ఎసట్లో పొయ్యక ముందు తీస్తాం. డబ్బా బోర్లించిన ఇంటికెళ్లి పిడికెడు పెట్టమని నేను ఏ రోజైనా అడిగానా? పైగా ఆ ఇంటికే మనం పోస్తాం. మరి లేనివాడి దగ్గరే, లేదన్న కారణానికే వసూలు చేస్తుంటే మనం ఎందుకు నోరు మూసుకున్నాం? సిగ్గు. ఆ సిగ్గు మనకెందుకు? ఇకనుంచి ఎవరింట్లో ఇలా జరిగినా దాచొద్దు. భర్తకు జరిగితే భార్య, భార్యకు జరిగితే భర్త వెంట వెళ్లండి. ఎవరూ లేకపోతే నేనొస్తాను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సిగ్గుపడాల్సింది ఖాళీ డబ్బాలో చెయ్యి పెట్టేవాడు గానీ, డబ్బా ఖాళీ అయినవాడు కాదు."