చుక్కలు లేని చోట గీత

జపాన్‌లో, కోబెలోని ఆ ప్రయోగశాలలో నాలుగేళ్లుగా కండను ఎముకకు కట్టే స్నాయువులను యంత్రానికి బిగించి, తెగేదాకా లాగి, ఎంత లావుకు ఎంత బలమో కాగితం మీద చుక్కలు పెట్టింది షిహో. ఆ చుక్కల మధ్య ఒక సరళరేఖ గీసి, లావును బట్టి స్నాయువు బలం ముందే చెప్పవచ్చని ప్రొఫెసర్ మెప్పు కొట్టేసింది మాత్రం నిరుడు చేరిన కుజె. అతన్ని చూస్తేనే ఆమెకు కడుపు మండేది.

ఆ రోజు సర్జన్ మినసె వచ్చాడు. "రేపు ఒక జూడో పిల్ల మోకాల్లో వేసే స్నాయువు ఐదు మిల్లీమీటర్లే ఉందయ్యా. తెగకుండా ఆగుతుందంటావా?"

కుజె స్కేలు పెట్టి గీతను కిందికి పొడిగించాడు. "ఆగుతుంది సార్."

షిహో తన చుక్కల వంక చూసింది. ఏడు మిల్లీమీటర్ల కన్నా సన్నటిది ఆమె ఎన్నడూ లాగలేదు. చుక్కలే లేని చోట గీత మాట ఎలా నమ్మడం? నోరు మూసుకుంటే చాలు, కుజె పని అయిపోతుంది. పిల్ల మోకాలి పనీ అయిపోతుంది.

"అంత సన్నటిది మేం పరీక్షించనేలేదు డాక్టరుగారూ," అంది పళ్లబిగువున. "ఇంకో పోగు కలిపి లావు చేసుకోండి."

కుజె నడుం దాకా వంగాడు. "తప్పు నాదే. బతికించావక్కా."

పక్క బల్ల దగ్గర నుంచి అంతా వింటున్న ప్రొఫెసర్ వచ్చి అతని భుజం తట్టాడు. "తప్పు ఒప్పుకోవడం ఎంతమందికి వస్తుంది? చూసి నేర్చుకో షిహో."