చెమట పట్టని బిడ్డ

మా అమ్మమ్మ మాణిక్యాంబే నాకు అత్తగారు. ఆవిడ చిన్నకొడుకు గణేష్‌బాబుకి, అంటే మా మేనమామకి, నన్నిచ్చి చేశారు. పిల్ల పరాయింటికి పోకూడదని ముచ్చటపడి ఆ సంబంధం కలిపింది ఆవిడే.

మాకు పుట్టిన బాబుకి చెమట పట్టేది కాదు. ధవళేశ్వరం ఎండలకి వాడి ఒళ్లు పెనంలా కాలేది. జుట్టు పల్చన, పళ్లు మొనదేలి వచ్చాయి. జలుబు చేస్తే చాలు, నిమోనియా అయ్యేది. పుష్కరాలైన మరుసటి వేసవిలో పోయాడు. "మేనరికమండి, అంతే" అంది వీధి వీధంతా. అమ్మమ్మా అదే మాట పట్టుకుంది. పెళ్లి చేసింది తను, దోషం మాత్రం నాది!

బాబు ఉండగానే వాడిదీ మా ఇద్దరిదీ రక్తం పరీక్షకి పంపారు. వాడు పోయిన ఏడాదికి రాజమండ్రి డాక్టరుగారు మా ఇద్దరినీ పిలిచి చెప్పారు. జబ్బుతో పోరాడటానికీ, చెమట గ్రంథులూ జుట్టూ పళ్లూ సరిగ్గా ఏర్పడటానికీ ఒంట్లో జీన్లని లేపే ప్రోటీన్ ఒకటుంటుందట. అవసరం వచ్చేదాకా దాన్ని పట్టి ఉంచే ప్రోటీన్ ఇంకొకటి. ఆ రెండోదాన్ని తయారుచేసే జీన్ మావాడిలో చెడిపోయింది. అవసరం వచ్చినా అది పట్టు వదల్లేదు.

"దీనికి మేనరికం కారణం కాదమ్మా. ఒక్కరి నుంచి వచ్చినా చాలు. ఆ చెడిన జీన్ మీవారి ఒంట్లో కొన్ని కణాల్లోనే ఉంది, అందుకే ఆయన బాగున్నారు. మళ్లీ పిల్లల్ని కనేముందు నా దగ్గరికి రండి" అన్నారు.

ఇంటికొచ్చి అరిచి మరీ చెప్పాను. "కంటికి కనపడనివన్నీ నాకు చెప్పకే దుర్గా" అంది అమ్మమ్మ. మావయ్య, అంటే మా ఆయన, ఒక్క మాటంటే నమ్మేది. ఆయన కంచం మీదకి వంగి అన్నం కలుపుకున్నాడు. అప్పుడు ఆ మనిషంటే నాకు అసహ్యం పుట్టింది.

విడాకులయ్యాయి. ఈసారి మావయ్యకి బయటి సంబంధమే కావాలని వెతికి రావులపాలెం పిల్ల హారతిని తెచ్చుకున్నారు. పెళ్లికి ముందే వెళ్లి డాక్టరు మాట చెప్పబోయాను. కడుపుమంటతో వచ్చానని ఆ పిల్ల పుట్టింటివాళ్లు నన్ను గుమ్మంలోంచే పంపేశారు.

మొన్న వేసవిలో హారతే మా ఇంటికి వచ్చింది. చంకలో ఆర్నెల్ల పాప. జుట్టు అచ్చం మా బాబుకి లాగే పల్చన. నా మాటే నెగ్గింది. ఎందుకు నెగ్గాలి దేవుడా!

"అక్కా, దీనికి చెమట పట్టట్లేదండి" అంది. నా చెయ్యి పట్టుకుంది. "మాది మేనరికం కాదు కదండీ? దీనికేం భయం లేదు కదండీ?"

"మేనరికం కాదమ్మా" అన్నాను. రెండు ప్రశ్నలకీ అదే జవాబనుకున్న ఆ పిల్ల ఊపిరి పీల్చుకుని, నవ్వుతూ పాపని నాకందించింది.