సాక్షి ముక్క

ఉదయం తొమ్మిదింటికి ఫర్నేస్ చార్టు చూస్తాను. సాక్షి ముక్క అని ఉన్న గడిలో నా పేరు రాసి ఉంది: దేవదానం, లాగుడు పరీక్ష. పక్క గడిలో రాజమణి, నికెల్ పూత.

చేతిరాత మా సూపర్‌వైజర్ జంగయ్య సారుది. ఆయన తప్పు రాయడు. నేను కుడి చేతి గ్లౌజు తీసి చూసుకుంటాను. మోచేయి పైదాకా తెల్లగా, నున్నగా ఉంది. గోటితో కొడితే మోగుతోంది. సిరామిక్. కొలతలు సరిగ్గానే ఉన్నాయి.

చర్లపల్లిలోని మా కంపెనీలో సిరామిక్ రింగులను లోహపు కాలర్లకు అతుకుతాం. రెండింటి మధ్య రాగి కలిపిన పల్చటి వెండి రేకు పెట్టి, గాలి లేని ఫర్నేసులో ఎనిమిది వందల ఇరవై డిగ్రీల దాకా కాలుస్తాం. ప్రతి బ్యాచ్‌తోనూ ఒక సాక్షి ముక్క లోపలికి వెళ్తుంది. అదే రేకు, అదే వేడి. కానీ అది అమ్మడానికి కాదు. బయటికి వచ్చాక రెండు వైపులా పట్టి, విరిగే దాకా లాగుతాం. అది ఎంత బరువు ఓర్చుకుంటే మిగతావీ అంత ఓర్చుకుంటాయి. పదకొండేళ్లుగా లాగే పని నాది.

"ఈసారి నువ్వే పో," అంటాడు జంగయ్య సారు.

"మరి మెషిన్ ఎవరు నడుపుతరు సార్?"

"నువ్వే. ఎడమ చెయ్యి ఖాళీనే ఉంటది గద."

అదీ నిజమే.

మా షాపులో ఎవరూ దేన్నీ ఉత్త చేత్తో ముట్టుకోరు. వేలి జిడ్డు అంటితే అతుకు నిలవదు. ఆ అలవాటు నాతో పాటు ఇంటికి కూడా వచ్చింది. గ్లౌజులతోనే అన్నం తింటాను. గ్లౌజులతోనే పడుకుంటాను. ఎందుకని అడిగేవాళ్లు ఇంట్లో లేరు.

రాజమణి ఫర్నేస్ తలుపు దగ్గర నిలబడి ఉంది. తొమ్మిదేళ్లుగా ఒకే క్యాంటీన్‌లో తింటున్నాం, ఒక్కసారీ మాట్లాడుకోలేదు. ఆమె ఎడమ చేయి లోహం. దాని మెరుపులో పైకప్పు ట్యూబ్‌లైట్లు ప్రతిఫలిస్తున్నాయి.

"కడుక్కున్నవా?" అని అడుగుతుంది.

"మూడుసార్లు."

"నేను నాలుగుసార్లు," అంటుంది గొప్పగా.

జంగయ్య సారు పట్టకారుతో వెండి రేకు తెచ్చి మా అరచేతుల మధ్య పెడతాడు.

"కదలకుండ్రి. ఒక్క వెంట్రుకంత జరిగినా బ్యాచ్ మొత్తం తుక్కుల పడ్తది."

ఫర్నేస్ బయటి నుంచి బీరువా అంత ఉంటుంది. లోపల సినిమా హాలంత ఉంది. నలభై జతల రింగులు, కాలర్లు వరసల్లో టికెట్ కొనుక్కున్నట్టు కూర్చున్నాయి. మాది ముందు వరస.

తలుపు మూసుకుంటుంది. పంపు గాలి లాగేస్తుంది. రాజమణి ఏదో అంటోంది, పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. మాటను మోయడానికి ఇక్కడ గాలి లేదు. నేను తల ఊపుతాను. ఆమె విసుగ్గా మళ్లీ అంటుంది.

ఏడు వందల ఎనభై దగ్గర వెండి కరుగుతుంది. అరచేతిలో ఒక్కొక్క సందూ వెతుక్కుంటూ పాకుతుంది. ఇన్నేళ్లలో నన్ను ముట్టుకున్నది అదొక్కటే. కాసేపటికి గట్టిపడుతుంది. అప్పుడు ఆమె గొంతు వినిపిస్తుంది, చెవిలో కాదు, మోచేతిలో.

"చెవుడా నీకు? ఎన్నిసార్లు అడగాలె?"

"ఇప్పుడు వినబడుతుంది. ఏమడిగినవ్?"

"క్యాంటీన్ల గోడదిక్కు తిరిగి తింటవెందుకు?"

"ఎవరన్న చూస్తరని."

"తొమ్మిదేండ్ల సంది నీ ఈపు చూసుకుంటనే తింటున్న నేను."

వెనక వరసల్లో రింగులు మా వైపే చూస్తున్నాయి.

చల్లారడం నెమ్మదిగా జరగాలి. లోహం ఎక్కువ ముడుచుకుంటుంది, సిరామిక్ తక్కువ. తొందరపడితే నెర్రె పడుతుంది. అద్దపు కిటికీలోంచి చూస్తే బయట వానాకాలం వచ్చి పోతుంది, ఎండాకాలం, మళ్లీ వానాకాలం. జంగయ్య సారు మీసం నెరుస్తుంది. రాజమణి తను అద్దెకున్న నాలుగు ఇళ్ల కిటికీల గురించి చెబుతుంది. మా అక్క పెళ్లిలో పోయిన నా చెప్పుల గురించి నేను చెబుతాను. ఆ చెప్పుల సంగతి ఎవరికీ చెప్పలేదు. మాట్లాడుతుండగానే తెలుపు నా భుజం దాకా పాకుతుంది.

తలుపు తెరిచేసరికి అదే రోజు సాయంత్రం నాలుగున్నర.

లాగుడు మెషిన్ దగ్గరికి ఇద్దరం పక్కపక్కగా నడుస్తాం.

"ఏడ ఇరుగుతది?" అని అడుగుతుంది రాజమణి.

"అతుకు కచ్చగుంటే అతుకు కాడనే ఊడుతది. నీ చెయ్యి నీకు, నా చెయ్యి నాకు. ఎవరింటికి వాళ్లు పోతం."

"గట్టిగుంటే?"

"సిరామిక్ ఇరుగుతది."

"అంటే నువ్వు."

"నేనే."

ముక్కను రెండు వైపులా పట్టుకునే మెషిన్ దవడల వైపు చూస్తుంది ఆమె. ఆమె లెక్కలు వేసుకోవడం మోచేతిలో వినిపిస్తుంది.

"దవడలు జర వంకరగ పెట్టు," అంటుంది చివరికి. "వంకరగ లాగితే అతుకు అంచు నుంచి లేస్తదట గద. నువ్వన్న మంచిగుంటవు."

ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అర మిల్లీమీటరు చాలు. ఎవరూ కనిపెట్టలేరు. నలభై జతలూ తుక్కులోకి వెళ్తాయి. నేను నిండుగా ఇంటికి వెళ్తాను. రేపు నా అరచేతిలో బూడిద రంగు మరక ఉంటుంది. ఎదురుగా క్యాంటీన్ గోడ ఉంటుంది.

ఆమె చేతిని పై దవడలో బిగిస్తాను. నా భుజాన్ని కింది దవడలో బిగిస్తాను. గేజి పెట్టి కొలుస్తాను. ముల్లు సున్నా మీద ఉంది. నిటారుగా ఉన్నాం.

"వంకరగ పెట్టినవా?"

"పెట్టిన."

"నీకు అబద్ధమాడుడు రాదయ్యా," అంటుంది. "మోచేతిల తెలుస్తనే ఉంది."

ఎడమ చేత్తో బటన్ నొక్కుతాను. వంద కిలోలు. రెండు వందలు. రాజమణి చేయి పూరీ పిండిలా సాగి అంగుళం పొడవు పెరుగుతుంది. నాది సాగదు. సాగడం సిరామిక్‌కు రాదు.

"నొప్పా?"

"లేదు. నీకు?"

"పొద్దున లేచి ఒళ్లిరుసుకున్నట్టుంది."

నాలుగు వందల దగ్గర జంగయ్య సారు పాస్ అని టిక్కు పెడతాడు. మెషిన్ ఆగదు. విరిగేదాకా ఆగకుండా దాన్ని అమర్చింది నేనే. ఐదు వందలు. ఆరు వందలు. ఆమె నా పేరు పిలుస్తుంది. మొదటి అక్షరం వినిపిస్తుంది.

భుజం దగ్గర విరుగుతాను.

"ఆరు వందల పది," అని చదువుతూ రాస్తాడు జంగయ్య సారు. "ఇరిగిన చోటు సిరామిక్. అతుకు ఏం గాలే. ఇంత మంచి అతుకు నేనెన్నడు చూడలే దేవదానం."

ఐదున్నర సైరన్ మోగుతుంది. రాజమణి అరచేతికి నా అరచేయి, దాని వెనక నా చేయి మొత్తం అలాగే ఉంది. ఆమె దాన్ని కొంగుతో కప్పి చంటిపిల్లలా ఎత్తుకుంటుంది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి ఏదో అంటుంది. మోచేయి ఆమె దగ్గరే ఉంది. నాకేమీ వినిపించదు.

ముక్క విరిగిన చోటును మైక్రోస్కోపు కింద చూడాలని నియమం. జంగయ్య సారు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, భుజాన్ని గ్రానైట్ బల్ల మీద ఆనించి, కన్ను పెడతాడు.

"ఈడ బస్టాప్ ఉన్నది," అంటాడు.

"ఏ బస్టాప్ సార్?"

"ఈసీఐఎల్ లెక్కుంది. ఒకామె బత్తాయి ఒలుస్తున్నది."

మెడ తిప్పి నేనూ చూస్తాను. రాజమణి వరసలో నిలబడి, నా వేళ్లతో బత్తాయి ఒలుస్తోంది. రసం అక్కడ నా వేళ్ల మీదుగా కారుతోంది. ఇక్కడ నా భుజంలోంచి బల్ల మీద చుక్కలుగా పడుతోంది.

బల్ల సందులోంచి చీమలు వస్తాయి. అవి రసం తాగవు. బారుగా నా భుజం ఎక్కి, విరిగిన చోట లోపలికి దిగుతాయి. మైక్రోస్కోపులో చూస్తే, బస్టాపులో రాజమణి వెనక ఒకదాని తర్వాత ఒకటి నిలబడుతున్నాయి.

"దీన్ని ఫారంల ఏ గడిల రాయాలె?" అని జంగయ్య సారు కాగితం తిరగేస్తాడు.

మైక్రోస్కోపు అంచున, మలుపు దగ్గర బస్సు కనిపిస్తోంది. నేను స్టూలు మీంచి లేస్తాను. నా భుజం మీద కాలు మోపి, తల వంచి, విరిగిన చోట లోపలికి దిగుతాను. ఆఖరి చీమ వెనక్కి చూసి, నాకు చోటివ్వడానికి కొంచెం ముందుకు జరుగుతుంది.